బాత్రూమ్ బల్బు చెప్పిన తీర్పు

నా చిన్నప్పుడు భిలాయి క్యాంప్ 2లో, మా ఇళ్ల వరసలో కరెంటు పోతే జనం కొవ్వొత్తి కన్నా ముందు మా తాతయ్య కోసం వెతికేవారు. తిట్టడానికి.

కారణం ఆయన రేడియో. ఉక్కు ప్లాంటులో చేరిన కొత్తలో కొన్నది. లోపల గాజు వాల్వులు, పైన టేకు పెట్టె, బరువు మా తమ్ముడంత. సాయంత్రం వార్తలకని ఆయన దాన్ని పెట్టిన కాసేపటికి స్తంభం మీది ఫ్యూజు టప్పున ఎగిరిపోయేది. కూలర్లు ఆగిపోయేవి. టీవీలో సీరియలు ఏడుపు మధ్యలో ఆగిపోయేది. మిగతా సగం ఏడుపు మా గుమ్మంలో జరిగేది.

స్తంభం ఫ్యూజే ఎందుకు పోయేదంటే, మా వరసలో ఒక ఆచారం ఉండేది. రూలు ప్రకారమైతే ప్రతి ఇంటి ఫ్యూజులోనూ వెంట్రుకలాంటి సన్నతీగ కట్టాలి. అది మాటిమాటికీ కాలిపోతోందని అందరూ లావుపాటి రాగితీగ చుట్టేసేవారు, మేము కూడా. ఇంట్లో ఫ్యూజు కాలదు కాబట్టి తప్పు ఎవరింట్లో జరిగినా చీకటి మాత్రం అందరికీ సమానంగా అందేది. ఎవరిదో తెలిసే దారి లేదు. తెలియనప్పుడు పాతదాని మీద పడటం సులువు. మా వరసలో రేడియో, తాతయ్య, రెండూ పాతవే.

అందరికన్నా గట్టిగా అరిచేది పక్కింటి మావయ్య. చుట్టం కాదు, ఆయనదీ విజయనగరం వైపే కాబట్టి మావయ్య. "ఏటి పెద్దాయనా, అది రేడియోనా, బాంబా? పాతసామాన్ల కబాడీవోడికి ఇచ్చీండి. నేదంటే నానే పగలగొట్టెస్తాను," అన్నాడొక రోజు, చేతిలో నిజంగానే స్పానరుతో. వెనకాల ఎదురింటి దీదీ హిందీలో మా ఏడు తరాలనూ కలిపి అందుకుంది.

తాతయ్య అరవలేదు. మాకు భయమేసింది. "రేపు సాయంత్రం మీ అందరి ముందూ పరీక్ష పెడతాను. దోషముంటే నానే కబాడీకి ఇచ్చెస్తాను. నువ్వు స్పానరు మొయ్యక్కర్లేదు," అన్నాడు.

పరీక్ష పెట్టడానికి మీటర్లూ గీటర్లూ కొనే స్తోమత మాకు లేదు. అంచేత నేనూ ఆయనా కూర్చుని తయారుచేశాం. బోర్డుగా ప్యాకింగ్ పెట్టె చెక్క ఒకటి, చచ్చిన ఇస్త్రీపెట్టె వైరు, ఒక సాకెట్టు, బాత్రూమ్‌లోంచి పీకిన హోల్డరూ, వంద వాట్ల బల్బూ. చీకట్లో తడుముకుంటూ స్నానం చెయ్యాలా అని అమ్మ లోపల్నుంచి కేకలు. వినిపించుకోకపోవడం తాతయ్యకు ఎప్పటినుంచో వచ్చిన విద్య.

కరెంటు ముందు బల్బులోంచి వెళ్లి, ఆ తర్వాతే సాకెట్టుకు చేరేలా వైరు కలిపాం. సాకెట్టులో పెట్టిన వస్తువు బాగుంటే బల్బు మసగ్గా ఉంటుంది. లోపల షార్టుంటే బల్బు భగ్గుమంటుంది, ఫ్యూజు మాత్రం పోదు. స్క్రూలన్నీ బిగించింది నేనే కాబట్టి బల్బు మా పక్షమేనని నా నమ్మకం.

మర్నాడు వరండా నిండిపోయింది. పెళ్లికి పిలిచినా అంతమంది వచ్చేవారు కాదు. మసగ్గా ఉంటే తన గెలుపు, భగ్గుమంటే ఓటమి అని తాతయ్య చెప్పి, అదే మాట మావయ్య నోటితో కూడా అనిపించాడు. అప్పుడు స్విచ్చి వేశాడు.

బల్బు నీరసంగా ఎర్రబడి అక్కడే ఆగింది. తాతయ్య మీసం సర్దుకున్నాడు. నేను దీదీ వైపు తిరిగి నాలుక బయటపెట్టాను. ఈలోగా రేడియో లోపలి వాల్వులు వేడెక్కాయి. పెట్టె గుర్రుమంది. బల్బు పచ్చబడి, తెల్లబడి, భగ్గుమంది. వరండా అంతా పట్టపగలైంది. నా నాలుక ఇంకా బయటే ఉంది, ఆ వెలుగులో అందరికీ స్పష్టంగా కనిపించింది.

"సూసినారా? దొంగ దొరికీసింది!" అన్నాడు మావయ్య.

లోపల కండెన్సరనే చిన్న భాగం ఒకటి మారిస్తే రేడియో బాగైపోయేది. ఆ సంగతి తాతయ్యకు తెలుసు. అయినా ఆ ముక్క ఎత్తలేదు. "దోషం నాదే," అని స్విచ్చి ఆపి, బోర్డు ముందుకు తోశాడు. "నాది అయిపోయింది. మరి మీ కూలర్లు తెండి, మోటార్లు తెండి."

ఒక్కరూ కదల్లేదు. దీదీకి పొయ్యి మీది పప్పు గుర్తొచ్చింది. మావయ్యకు డ్యూటీ గుర్తొచ్చింది, ఆ వారమంతా సెలవులో ఉన్నవాడికి.

మర్నాడు కబాడీవాడి సైకిలు వెనక ఆ టేకు పెట్టె ఊగుతూ పోతుంటే నేను తాతయ్య మీద విరుచుకుపడ్డాను. లోపల తలుపేసుకుని పరీక్ష పెట్టుకుంటే ఎవరికి తెలిసేది, గుట్టుగా బాగుచేసుకునే వాళ్లం కదా అని. ఆయన మా ఇంటి ఫ్యూజులోని లావు తీగ విప్పి, సన్నది కడుతున్నాడు. "తలుపేసుకుని సూస్తే బల్బు ఏటి చెప్పినా నాకు కావలసిందే వినిపిస్తాదే గుంటా," అన్నాడు. సన్నతీగ వంక చూస్తున్నాడని నేననుకున్నాను గానీ, కళ్లు తుడుచుకుంటున్నాడు.

వారం తిరక్కుండానే స్తంభం ఫ్యూజు మళ్లీ పోయింది. అలవాటు కొద్దీ జనం మా గుమ్మం వైపు బయల్దేరి, సగం దారిలో రేడియో లేదని గుర్తొచ్చి నిలబడిపోయారు. "బోర్డు వరండాలో ఉంది," అన్నాడు తాతయ్య మంచం మీంచి లేవకుండానే. ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత అందరి మనసులూ కరిగాయని రాస్తే బాగుండేది. కరగలేదు. మావయ్య చివరిదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకూ ఒక ఇల్లుంది, దానికి సరిపడా తగవులున్నాయి. ఏ తగవైనా ముదిరే ముందు, ఏది తేలితే తప్పు నాదో అందరూ వినేలా చెప్పేస్తాను. ఈ పద్ధతి మా ఆయనకు ఎంతో నచ్చింది, నేను పాటించినంత వరకు. దీనివల్ల ఓడిపోయినవే ఎక్కువ, ఓడినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అయినా మళ్లీ తగవొస్తే, పరీక్షకు మొదట నా వాదననే తెచ్చి పెడతాను.