లోవలక్ష్మి నొక్కితేనే డయల్

మూడేళ్ల కన్నబాబుకి ఉబ్బసం. మోండా మార్కెట్ దగ్గరి బాలబడిలో వాడి సంచీలో పీల్చే మందు పంపు ఉంటుంది కానీ, తల్లిని అడగందే ఏ మందూ పట్టకూడదని బడి నియమం. అందుకే బన్సీలాల్‌పేట్ ఇంట్లో ఫోను మోగడం మీదే లోవలక్ష్మి ప్రాణమంతా.

రెండువేల ఒకటి జులైలో ఒక ఉదయం పది దాటాక విమలమ్మ టీచరు నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ ఎంగేజే. ఇక లాభం లేదని, ఎగపోస్తున్న పిల్లవాణ్ణి ఆటోలో వేసుకుని వచ్చింది. మందు పడ్డాకే వాడు తెరిపిన పడ్డాడు.

"ఎవరితోనమ్మా అన్ని కబుర్లు?" అంది విమలమ్మ.

లోవలక్ష్మి ఫోను ముట్టనే లేదు. డాక్టర్ల మాటలు విని టైపు చేసే పని ఆమెది. పొద్దుటి నుంచీ కంప్యూటరు ముందే ఉంది. దాని ఇంటర్నెట్టూ ఆ ఫోను తీగ మీదే, కానీ ఆ పూట దాన్నీ తెరవలేదు.

"కంప్యూటరుకి తగిలించిన ఫోను తీగ పీకేస్తే పోద్ది కదేటి?" అన్నాడు భర్త రాజబాబు.

"మర్సిపోయిన రోజున?"

ఆమె చదివింది ఫిజిక్స్. నోటుబుక్కు పెట్టుకుని, మూడు రోజులపాటు ఐదు నిమిషాలకోసారి రిసీవరెత్తి విన్నది రాసింది. మూడు రోజులూ సరిగ్గా పదింటికి గరగర. కంప్యూటరు తనంతట తానే ఇంటర్నెట్‌కి డయల్ చేస్తోంది! కన్నబాబు ఉలిక్కిపడుతున్నాడని డయల్ చేసేటప్పటి మోడెమ్ చప్పుడు ఆపించింది తనే. ఇన్నాళ్లూ తెలియలేదంటే అందుకే.

కంప్యూటరు అమర్చిన రాఘవేందర్ వచ్చి చూశాడు.

"యాంటీవైరస్ అప్‌డేట్ అక్కా. రోజూ పదికి నేనే పెట్టిన. సార్ ఆఫీస్ పోతడు, ఇంట్ల ఫోన్ ఖాళీగుంటది కదా అని."

"ఖాళీ అనుకున్నది ఫోన్నా, నన్నా?"

"అరె, పరేషాన్ చెయ్యకక్కా, తీసేస్త!"

తీసేశాడు. మర్నాడు పదీ నలభైకి మళ్లీ గరగర. ఈసారి కంప్యూటరు తన గడియారం సరిచేసుకునే పనట.

ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకోవడం కాదు, వాటికి డయల్ చేసే హక్కే ఉండకూడదనుకుంది లోవలక్ష్మి. సెట్టింగులు తెరిచి, కనెక్షన్ లేకుంటే దానంతటదే డయల్ చేయాలా అన్నచోట ఎప్పుడూ వద్దని పెట్టింది. ఆ రెండు పనులనూ షెడ్యూలు నుంచి తప్పించి, రోజూ సాయంత్రం ఏడింటికి, పిల్లవాడు కళ్లెదుటే ఉన్నప్పుడు, తన చేత్తో కనెక్షన్ పెట్టి నడిపించింది. వారం రోజులూ నోటుబుక్కులో ఒక్క గరగర లేదు.

ఎనిమిదో రోజు పదీ పదికి ఫోను మోగింది.

"లక్ష్మీ, వీడికి ఆయాసం పట్టిందమ్మా."

"రెండుసార్లు పీల్పించండి టీచర్‌గారూ. వచ్చేస్తున్నా."

ఆమె ఆటో దిగేసరికి కన్నబాబు పక్క పిల్ల బిస్కెట్ లాక్కుని దబాయిస్తున్నాడు.

"మొదటిసారికే కలిసిందే!" అంది విమలమ్మ.

"ఇంక ఎప్పుడు చేసినా కలుస్తాదండి," అంది లోవలక్ష్మి, కొడుకు చేతిలోంచి బిస్కెట్ విడిపించి ఆ పిల్లకిస్తూ.