గురువారం కనకాంబరాలు

నా చిన్నప్పుడు మల్లెపూలంటే పండగేనని నమ్మేదాన్ని. ఇంట్లో మామూలు కంటే నాలుగు మూరలు ఎక్కువ తెమ్మన్నారంటే సీమంతమో, పెళ్ళిచూపులో, చుట్టాల రాకో అయ్యుండాలి, ఇంకోటి కావడానికి వీల్లేదు. ఆ నమ్మకం తొమ్మిదో ఏట పోయింది.

అప్పటికి చెన్నై ఇంకా మద్రాసే. మాది వాషర్‌మెన్‌పేట. బోర్డుల మీద ఆ పేరుండేది గానీ మా తెలుగువాళ్ళ నోళ్ళలో చాకలిపేటే. మా నాన్నా చిన్నాన్నా ఎండుమిరపకాయలు టోకున అమ్మేవాళ్ళు. ముందు గదిలో మిరపకాయల బస్తాలు, వెనక సంసారం, వీధిలోకి ఒక తిన్నె, అంటే అరుగు. ఇంటికి పెద్ద మా నాయనమ్మ. ఆవిడ తుమ్మమంటే తుమ్మాలి, వద్దంటే ఆ మిరపఘాటులో కూడా ఆపుకోవాలి.

ఆ ఏడు మా పిన్ని, అంటే చిన్నాన్న భార్య, నిండు చూలాలు. పిన్నికి తల్లి లేదు కాబట్టి తొలి కాన్పు మా ఇంట్లోనే అన్నారు. ఉయ్యాల ఊపే పని నాదేనని వీధంతా చాటి వచ్చాను. నొప్పులు రాగానే ఆస్పత్రికి తీసుకుపోయారు. తోడుగా నాయనమ్మ ఒక్కతే ఉంది. మూడో రోజు పిన్ని వట్టి చేతులతో ఇంటికొచ్చింది. పాపాయి ఏదని అడిగితే, ఆస్పత్రిలో ఉంది, తర్వాత తెస్తారని అమ్మ నా మొహం చూడకుండా చెప్పింది. నేను నమ్మేశాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నన్ను పిలిచి ఎనిమిది మూరల మల్లెపూలు తెమ్మంది. ఎవరడిగినా ఏమీ చెప్పొద్దంది. నాకా, నోరెక్కువ. ఇప్పటికీ తగ్గలేదనుకోండి. వీధి మొగలో పూలమ్మే ఆమె ఒకతె ఉండేది, పూలామె అనేవాళ్ళం. అరవమూ తెలుగూ కలిపి మాట్లాడేది. గంతులేస్తూ ఆమె దగ్గరికి పోయి, మా పిన్ని బిడ్డను ఇంటికి తెస్తున్నారు, అందుకే ఇన్ని పూలు అని గొప్పగా చెప్పేశాను. మూర కొలుస్తున్న ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"మీ పిన్నికి ఎన్నోది, పాపా?"

"ఇదే మొదటిది!"

"అయ్యో కడవుళే, దేవుడా," అని గొణిగి, పూలు అరిటాకులో చుట్టి ఇచ్చింది.

నేను ఇంటికొచ్చి, పూలు నాయనమ్మ చేతికియ్యకుండానే ఒక మూర తెంపి, తిన్నగా పిన్ని గదిలోకి పోయి ఆమె జడలో తురిమాను. పాపాయి వచ్చేసరికి వాళ్ళమ్మ అందంగా ఉండాలి కదా అన్నాను. పిన్ని ఏడవలేదు, తిట్టలేదు. నన్ను చూసింది, అంతే. ఆ చూపుకు నా నోరు దానంతటదే మూతపడింది. వెనక నుంచి వచ్చిన నాయనమ్మ నా చేతిలోని పూలు లాక్కుని, వీపు మీద ఒక్కటిచ్చి బయటికి నెట్టింది. ఓరగా ఉన్న తలుపు సందులోంచి నేను చూశాను. మా అమ్మ ఒక పాత చీర చింపి, నేను తెచ్చిన మల్లెపూలన్నీ పిన్ని రొమ్ముల మీద పరిచి, గట్టిగా బిగించి కడుతోంది.

తాగడానికి బిడ్డ లేనప్పుడు పాలు ఇంకిపోవాలని మావైపు అట్లా కట్టేవాళ్ళు. ఆ సంగతి సాయంత్రం అమ్మ నా వీపుకు కొబ్బరినూనె రాస్తూ చెప్పింది. బిడ్డ పుట్టిన పూటే పోయిందని కూడా అప్పుడే చెప్పింది. ఎగురుకుంటూ పోయి ఆ పూలు తెచ్చింది నేనే కదా!

పేరు పెట్టకముందు పోయిన బిడ్డకు మా ఇళ్ళలో కర్మలు చేసేవాళ్ళు కాదు. మగవాళ్ళు తీసుకుపోయి పూడ్చి వస్తారు. చూస్తే మమకారం పెరుగుతుందని తల్లికి చూపించరు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకూడదని నాయనమ్మ కట్టడి చేసింది. అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. చిన్నాన్న అన్నం తింటూ గుంటూరు లారీ ఇంకా రాలేదని మాట్లాడేవాడు.

పిన్నిది మాత్రం ఒకటే ప్రశ్న. కాన్పప్పుడు మత్తు ఇచ్చారట, ఆమె బిడ్డ మొహమే చూడలేదు. ఆడో మగో కూడా తెలియదు. అమ్మను అడిగేది, చిన్నాన్నను అడిగేది. ఆయన మాత్రం ఏం చెప్తాడు, చుట్టి ఇచ్చిన మూటను విప్పే ధైర్యం లేక అట్లాగే మోసుకుపోయాడు. చివరికి నన్ను కూడా పట్టుకుని, "నువ్వు చూశావా? ఎట్లుండింది?" అనేది. చూసింది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ పెదవి విప్పలేదు. పిన్ని తిండి మానేసి పుల్లలాగా అయిపోయింది. ఈమె కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది.

నెల దాటాక ఒక గురువారం మధ్యాహ్నం పూలామె గంపతో మా తిన్నె ముందు దిగింది. ఎడమచేతి వేలికి గుడ్డ కట్టుకుని ఉంది.

"వేలు తెగింది పెద్దమ్మా. రేపు శుక్రారం, ఈ పూలు కట్టకుంటే అన్నీ వాడిపోతాయి. ఈడ నీడలో కూర్చొని మీ ఇంట్లో ఎవరన్నా కట్టి ఇస్తే సరి," అంది.

పూలు పాడవడం నాయనమ్మకు గిట్టదు. ఊరికే కూర్చున్న పిన్నిని చూపించి, అదుంది కదా, కట్టనీ అంది. సాయానికని పూలామె ఇంకో ఇద్దరిని తెచ్చుకుంది, పక్కవీధి టైలరు భార్య ఒకరు, స్కూలు టీచరమ్మ ఒకరు. గంపలో ఉన్నవి మల్లెలు కావు, కనకాంబరాలు. వాసన లేని పూలు. మల్లెల వాసన తగిలితే పిన్ని లేచి వెళ్ళిపోతోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పూలామెకు తనంతట తనకే తెలుసు.

ఆ వారం పూలు కట్టడంతోనే సరిపోయింది. మరుసటి గురువారం వచ్చేసరికి గుడ్డ కుడిచేతి వేలికి మారింది. నేను అడగబోతే పూలామె నా నోటి మీద ఒక కనకాంబరం పెట్టి నవ్వింది. అందరూ కట్టడం మొదలుపెట్టాక, ఎండ గురించి చెప్తున్నంత మామూలుగా, "మావాడు ఉంటే ఈ ఆడి నెలకి, అదే మీ ఆషాఢానికి, పద్దెనిమిది నిండేవి," అంది. టైలరు భార్య తనది ఏడో నెలలోనే పోయిందని చెప్పింది. టీచరమ్మ దారం పంటితో తెంపి, నాకు ఇద్దరు అంది. అప్పుడు నాకు తెలిసింది. వీళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఎనిమిది మూరల మల్లెలు తెప్పించుకున్నవాళ్ళు. పూలామె ఆ గడపలన్నీ ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంది!

ఆ మాటలు లోపలికి వినపడ్డాయి. నాయనమ్మ విసురుగా బయటికొచ్చింది.

"ఏం మాటలే ఇవి, పచ్చి బాలింత ముందర? పోయింది పోయింది. వయసులో ఉంది, ఇంకోటి పుడతాది."

పూలామె తలెత్తింది. "పెద్దమ్మా, ఆ మాట అనేవాళ్ళకి ఈడ చోటు లేదు. లోపలికి పొండి," అంది.

మా తిన్నె మీద, మా నాయనమ్మను, ఒక పూలమ్మే మనిషి లోపలికి పొమ్మనడమా! ఇక ఆకాశం విరిగి మీద పడుతుందని ఎదురుచూస్తున్నాను. ఈలోగా మా అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. అత్తగారి ఎదుట ఏనాడూ కూర్చుని ఎరగని మనిషి, వచ్చి తిన్నె మీద కూర్చుంది. పిడికెడు పూలు ఒళ్ళో పోసుకుని, "నాకూ ఒకతె ఉండింది. దీనికి ముందు. తొమ్మిది రోజులు," అంది. దీనికి అంటే నాకు. ఇంట్లో పెద్దపిల్లనని అందరి మీదా పెత్తనం చేసినదాన్ని, నాకొక అక్క ఉండేదని అప్పుడు విన్నాను.

పిన్ని చేతిలో దారం జారిపోయింది. నాయనమ్మ వైపు తిరిగి, "ఎట్లుండింది అత్తా? అదొక్కటి చెప్పండి చాలు," అంది.

నాయనమ్మ గుమ్మం వదిలి వచ్చింది. మెల్లగా వంగి పిన్ని పక్కన కూర్చుంది.

"ఆడపిల్ల," అంది. "మెడ దాకా జుట్టు. గడ్డం మీద నొక్కు, మీ ఆయనకున్నట్టే. ఒక పిడికిలి మూసే ఉండింది, ఎంత తీసినా రాలేదు. నేనే నీళ్ళు పోసినా. నా కంచి చీర చింపి చుట్టినా."

"నాకు చూపించుంటే బాగుండేది అత్తా."

"చూపించాల్సిందే. నన్నూ ఎవరూ చూడనీలేదే, తల్లీ. నా మొదటివాణ్ణి. అట్లానే చెయ్యాలేమో అనుకున్నా."

మా నాయనమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తప్పు ఒప్పుకోవడం అసలే చూడలేదు. పిన్ని ఆవిడ ఒళ్ళో తల పెట్టి నెల రోజుల ఏడుపంతా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. పూలామె మాత్రం ఆ ఇద్దరి వంతు పూలు కూడా తనే కట్టింది, వేలికి గుడ్డ ఉన్నదన్న సంగతి మరిచిపోయి. ఆ రాత్రి పిన్ని అన్నం తింది.

గురువారాలు ఆగలేదు. నాయనమ్మే చాప పరిచేది. ఎవరింట్లోనైనా అట్లా జరిగిందని పూలామె చెప్తే, వాళ్ళను పిలుచుకురమ్మని నన్నే పంపేది. ఇట్లాంటివాటికి ఇప్పుడేవో పేర్లున్నాయట. మావాళ్ళు పూలు కట్టడానికి పోతున్నాం అనేవాళ్ళు, అంతే. పిన్నికి తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. అయినా గురువారం మానలేదు. చిన్నాన్న కూడా ఒకసారి తిన్నె చివర కూర్చుని, ఆ మూట ఎంత తేలిగ్గా ఉండిందో చెప్పి లేచిపోయాడు.

నాకిప్పుడు డెబ్భై దగ్గర పడ్డాయి. ఎవరింట్లోనైనా అట్లా జరిగిందని తెలిస్తే కనకాంబరాలు పట్టుకుని పోతాను. వాళ్ళింటికి వచ్చినవాళ్ళందరూ ఇంకోటి పుడుతుందిలే అంటూ ఉంటారు. నేను వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, తల్లి పక్కన కూర్చుని, "ఎట్లుండింది?" అని మాత్రం అడుగుతాను. అడిగి, ఇంత నోరున్నదాన్నీ మూసుకుంటాను. చెప్పడానికేముంది అన్న తల్లి ఇంతవరకూ ఒక్కతె కూడా లేదు.