నా గొంతుకు రెండో బహుమతి

అతడి మొదటి సినిమాలన్నిటిలో గొంతు నాది. తెర మీద పెదవులు అతడివి, మాట నాది. డబ్బింగ్ థియేటర్లో నేను ఒంటరిగా మైకు ముందు నిలబడి చెప్పేవాణ్ణి, అప్పటికే అతడు ఇంకో ఊళ్ళో ఇంకో షూటింగులో ఉండేవాడు. ఒక్కసారీ ఎదురుపడలేదు. హీరోగా పేరొచ్చాక తన డబ్బింగ్ తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నా గొంతు విని విని, అలాగే పలకడం నేర్చుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

మా ఆవిడ ఉద్యోగం వల్ల కెనడాలోని వాటర్లూ వచ్చి నేను స్కూల్ బస్సు నడుపుతున్నాను. ఇక్కడి పార్టీల్లో మనవాళ్ళు అతడి డైలాగులు చెప్పుకుంటూ ఉంటారు. ఒకాయన, "వాయిస్ అంటే అదండీ, గాడ్ గిఫ్ట్" అన్నప్పుడు నాకు పకోడీ మింగుడుపడలేదు. ఆ గొంతు నాదేనండీ అంటే నవ్వి భుజం తట్టాడు. అప్పటినుంచి చెప్పడం మానేశాను, కుళ్ళుకోవడం మానలేదు. అతడి సినిమా పోయిందని తెలిసిన పూట నాకు అన్నం బాగా సయించేది.

మొన్న వేసవిలో పక్క ఊరు కిచెనర్‌లో జరిగిన తెలుగువాళ్ళ సభకు అతడే ముఖ్య అతిథి. అతడి పాత డైలాగొకటి, నేను డబ్బింగ్ చెప్పిందే, ఇచ్చి మిమిక్రీ పోటీ పెట్టారు. జడ్జి కూడా అతడే.

"మీ పేరిచ్చేశా. వినగానే కనిపెట్టేస్తాడు చూడండి," అంది మా ఆవిడ.

నా ఆశా అదే. నా గొంతు నాదని అందరి ముందూ అతడి నోటితోనే అనిపించుకోవాలని వెళ్ళాను.

చెప్పాను. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. హాల్లో ఈలలు పడ్డాయి. నేను మాత్రం అతడి ముఖం వంకే చూస్తున్నాను. అతడు ఎంతో మర్యాదగా చప్పట్లు కొట్టాడు.

మొదటి బహుమతి సభకు స్పాన్సర్ చేసిన, ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్ గారికి, రెండోది నాకు. ఇద్దరం ఒకే ఈడువాళ్ళం, అయినా శాలువా కప్పుతూ మైకులో నన్ను అంకుల్ అన్నాడు.

"చాలా బాగా చేశారంకుల్. ఒక్కటే మిస్సయ్యారు. ఆ డైలాగ్ మధ్యలో నేను చిన్నగా ఊపిరి పీలుస్తా. ఎమోషనంతా అక్కడే ఉంటది. ఇంటికెళ్ళి సినిమా ఇంకోసారి చూడండి."

తలూపి దిగి వచ్చాను. కారెక్కాక మా ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏమండీ, అప్పట్లో నిజంగానే అక్కడ ఊపిరి పీల్చారా?"

"ఆ రోజు ముక్కు దిబ్బడేసింది. మధ్యలో గాలాడక నోటితో పీల్చా. ఇంకో టేక్ చెప్తానంటే సౌండ్ ఇంజనీరు టైం లేదన్నాడు," అన్నాను. "నా జలుబు కూడా వాడిదైపోయింది."