రంగూను వెళ్ళేవారికి పద్నాలుగు మాటలు

కాకినాడ రేవు కచేరీలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ రంగూను నుంచి తిరిగివచ్చిన వాళ్ళను ఆపి మాట్లాడించడం నాకు అలవాటు. అక్కడ దిగగానే ఏమడిగారు, ఎక్కడ నిలబెట్టారు, ఏం పోగొట్టుకున్నారు అని అడిగి, ఆ సాయంత్రమే డైరీలో ఎక్కించేవాణ్ణి. ఉద్యోగం విరమించి పాలకొల్లు దగ్గర మా ఊరు చేరాక, వాటిని వడపోసి కొత్తగా వెళ్ళేవారి కోసం ఒక కాగితం తయారుచేశాను. మొత్తం పద్నాలుగు మాటలు. కింద సంతకం పెట్టాను.

ప్రయాణం ఏ వరసలో సాగుతుందో అదే వరసలో రాశాను. టీకా వేయించుకుని మచ్చ చూపించండి. డాక్టరు దగ్గర జ్వరం దాచకండి. స్టీమరు ఒడ్డుకు దూరంగా ఆగుతుంది గనుక, నాటుపడవలోంచి ఎక్కేటప్పుడు ముందు తాడు పట్టుకోండి, మూట సంగతి తరవాత. ఓడలో ఎవరి చెంబు వారి దగ్గరే ఉంచుకోండి. అక్కడి గుళ్ళలోకి చెప్పులతో వెళ్ళకండి. ఇలా సాగి, చివర తిరుగు ప్రయాణం దగ్గర పద్నాలుగోది వచ్చింది: ‘రంగూను రేవులో ప్లేగు పరీక్ష చేసి మీ చేతికిచ్చే చీటీ ఎవరికీ ఇవ్వకండి. మిమ్మల్ని పనికి తీసుకువెళ్ళిన మేస్త్రీకి అసలే ఇవ్వకండి. అది లేకపోతే తిరుగు ఓడ ఎక్కనివ్వరు.’

వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చర్చిపేటలోని వ్యవసాయ కూలీలు. వాళ్ళకు ఏ కాగితం వచ్చినా మా ఊరి బడిపంతులు అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవారు. ఆయన మా చెల్లెలి భర్త. కంఠం మంచిది, మాట స్పష్టం. కాగితం ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉన్నాను.

మా చేలో పనిచేసే అతను ఆ ఏడే బయలుదేరాడు. మళ్ళీ ఊడ్పుల నాటికి వచ్చేస్తానని తల్లికి చెప్పాడు. ఆమెకు అతనొక్కడే. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, కాగితమంతా బట్టీపట్టానని వేళ్ళు మడుస్తూ అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

“చెంబు మీద పేరు కూడా చెక్కించానండి. నాకు చదువు రాకపోయినా దానికి తెలుస్తుంది కదండీ, నేనెవరో.”

నవ్వొచ్చింది. తొమ్మిదో మాట దగ్గర నేనే చాలన్నాను. ఆ రోజు డైరీలో ‘తొమ్మిదీ తప్పులేకుండా చెప్పాడు’ అని ఉంది.

ఆ తరవాత మూడుసార్లు ఊడ్పులు అయ్యాయి. మొదటి ఏడు అతని తల్లి రేవు నుంచి ఎవరు వచ్చినా ఎదురెళ్ళి అడిగేది. రెండో ఏడు మంచాన పడి కన్నుమూసింది. నాలుగో ఏడు అతను వచ్చాడు. తిన్నగా చర్చి వెనక సమాధుల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి మా అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చీటీ దాచిపెడతానని మేస్త్రీ అడిగితే ఇచ్చేశాడట. అక్కడి బియ్యం మిల్లులో కొత్త కూలీలు కుదిరేదాకా అది తిరిగి ఇవ్వలేదట.

“అన్నీ రాశారు కదండీ. అదొక్కటీ ఎందుకు రాయలేదండి?”

రాశానన్నాను. లోపలికెళ్ళి డైరీ తెచ్చి, ఎత్తి రాసుకున్న ప్రతి చూపించాను. దానికేసి మర్యాదగా చూశాడు. చదవడం రానివాడికి అక్షరాలు చూపిస్తున్నానని నాకు అప్పుడు తోచింది.

చెల్లెలి ఇంటికి వెళ్ళాను. బావగారు పెట్టెలోంచి కాగితం తీసి ఇచ్చారు. అడుగున కత్తెరతో వంకర లేకుండా కత్తిరించి ఉంది. పదమూడో మాట కింద, వేరే ముక్క మీద ఉన్న నా సంతకం అతికించి ఉంది.

“ఆ మాట చదివితే ఎవడెక్కుతాడు బావగారూ ఓడ?” అన్నారాయన, నెమ్మదిగానే.

కూలీలను రంగూను తీసుకెళ్ళే ఆ మేస్త్రీయే తన డబ్బుతో బడికి పెంకు వేయించాడని అప్పుడే తెలిసింది. వానాకాలం పిల్లలు తడవకుండా కూర్చుంటున్నారని, మిగతా పదమూడూ అక్షరం పొల్లుపోకుండా చదివానని చెప్పారు.

“నా సంతకం ఎందుకండీ మళ్ళీ అతికించారు?”

“అది లేకపోతే నమ్మరు కదండీ.”

చెల్లెలు మజ్జిగ తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. నేను ముట్టుకోలేదు. ఆ గుమ్మం మళ్ళీ ఎక్కనూ లేదు.

మరునాడు కొత్త కాగితం రాశాను. చీటీ సంగతి అన్నిటికంటే పైన పెట్టాను. మొదట్లోనే అలా పెట్టి ఉంటే కత్తెర అంత తేలిగ్గా సాగేది కాదు. వరస చెడుతుందని నేనే అడుక్కి తోశాను. రంగూను నుంచి వచ్చిన అతన్ని పిలిచి, కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. పద్నాలుగూ వేళ్ళు మడుస్తూ విన్నాడు.

“బాగుందండి. ఒకసారి ఇలా ఇస్తారా?” అన్నాడు.

ఇచ్చాను. మడతపెట్టి పైపంచెలో దోపుకుని వీధిలోకి దిగాడు. పేటవైపు వెళతాడనుకున్నాను. చర్చిలో వాక్యం చదివే ఉపదేశి ఇంటి ముందు ఆగి, చదివి వినిపించమని కాగితం ఆయనకు అందించి, మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.