మణికట్టు దాకా రాని గుండె చప్పుడు

మెదక్ ఖిల్లా మెట్లు నాకు కొత్త కాదు. నేను ఇక్కడి బాలికల బడిలో పీటీ టీచర్‌ను. ఏటా చలికాలంలో పిల్లల్ని ఖిల్లా మీదికి తీసుకుపోవడం, వెనకబడ్డవాళ్లను విజిల్ ఊది తరమడం నా పని. ఆ ఏడు వెనకబడింది నేనే. సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. గుండె వేగంగా కొట్టుకోవడం నాకు తెలియంది కాదు, ఇన్నేళ్లు పరుగెత్తినదాన్ని. ఇది అది కాదు. సంచిలో వేసిన కోడి తన్నుకున్నట్టు, ఒక వరసా లయా లేకుండా ఛాతీలో ఏదో కొట్టుకుంటోంది.

గోడకు ఆనుకుని చేతి గడియారం చూసుకున్నాను. గుండె నిమిషానికి తొంభై ఎనిమిది సార్లు కొట్టుకుంటోందని చూపించింది. పక్కన ఆకుపచ్చ గుండె బొమ్మ ఒకటి నింపాదిగా మెరుస్తోంది.

నాతోపాటు వచ్చిన రెహానా మా బడిలో సైన్స్ టీచర్. నాకంటే పదేళ్లు చిన్నది. వెనక్కి దిగివచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏందక్కా గిట్ల అయినవ్? జర నీళ్లు తాగు."

"ఏం లేదు రెహానా. చూడు, తొంభై ఎనిమిదే."

"నేను నీ మొఖం చూస్తున్నక్కా. పెదవులు నల్లబడ్డయ్."

పిల్లలు నవ్వుకుంటూ దిగివస్తుంటే నా కళ్లు చెమర్చాయి. అయినా గడియారం మాటే నమ్మాలనిపించింది. నా గుండె గట్టిదనీ, ఇంత ఎత్తు ఎక్కినా తొణకలేదనీ అది చెబుతోంది. అలాంటి మాట ఎవరికి చేదు?

ఆ గడియారం మా ఆయన ప్రభాకర్ నా పుట్టినరోజుకు కొనిచ్చింది. ఆయనకు రంగుల దుకాణం ఉంది. కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు మా ఇంట్లోకే రావాలి. తనకొకటి, నాకొకటి కొన్నాడు. రోజూ పొద్దున కాలేజీ గ్రౌండ్‌లో నడిచే జట్టు మొత్తానికీ అదే పిచ్చి. నడక అయ్యాక ఎవరూ ఎవరి మొఖమూ చూసేవాళ్లు కాదు. అందరూ చేతులు చాపి ఒకరి మణికట్టు ఒకరు చూసుకునేవాళ్లు.

ఖిల్లా తర్వాత నా ఒంట్లో ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. చర్చిలో పాడేటప్పుడు ఒక చరణం పూర్తయ్యేలోపు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. బకెట్ నీళ్లు మోస్తే కూర్చోవాలి. పడుకుంటే దగ్గు, రెండు దిండ్లు పెట్టుకుంటే కాస్త నయం. ప్రభాకర్‌కు చెప్పిన ప్రతిసారీ ఆయన నా చెయ్యి పట్టుకునేవాడు. చెయ్యి పట్టుకుంటే ఓదార్పుకే అనుకునేదాన్ని. కాదు, గడియారం తిప్పి చూసేవాడు.

"ఏమైతలేదు సునీతా. తొంభై ఆరే ఉన్నది. ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్."

"నాకు ఊపిరి ఆడతలేదయ్యా."

"గంత ఉంటే గిది చూపియ్యదా? నిద్ర పోయినా చెప్తది, లేచినా చెప్తది. గుండెకేమన్న అయితే చెప్పకుంట ఉంటదా?"

ఆయన చెడ్డవాడు కాదు. నా మీద ప్రేమతోనే కొన్నాడు, నమ్మకంతోనే చూశాడు. కానీ పాతికేళ్లు కాపురం చేసిన పెళ్లాం నోటితో చెబుతుంటే వినకుండా, మొన్న డబ్బాలోంచి తీసిన వస్తువు మాట వినడం ఎంత రోతగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

రెహానా పోరు పెట్టి ఒక ప్రైవేట్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఏం పని చేస్తారని అడిగి, నా చేతి వైపు చూసి సంతోషించాడు.

"గుడ్, వాచ్ పెట్టుకుంటున్నారు. ఎక్సర్‌సైజ్‌లో ఎంత పోతుంది?"

ఫోన్‌లో గీతలన్నీ చూపించాను. చక్కగా, ఎక్కడా వందను పెద్దగా దాటకుండా ఉన్న గీతలు. ఆయన వేలితో వాటిని పైకీ కిందికీ జరిపి చూశాడు. స్టెతస్కోపు మెడలోనే ఉంది. దాన్ని తీయలేదు. ఈసీజీ మాట ఎత్తలేదు.

"హార్ట్ రేట్ పర్ఫెక్ట్‌గా ఉందమ్మా. ఈ వయసులో లేడీస్‌కి ఇలాంటి యాంగ్జయిటీ కామనే. గ్యాస్ కూడా ఉండొచ్చు."

గ్యాస్ మాత్రలు, నిద్ర మాత్రలు రాసిచ్చాడు. బయటికి వచ్చాం. ఆటో ఎక్కాక రెహానా, "నిన్ను ముట్టుకోను కూడా ముట్టుకోలేదక్కా" అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా చీదరగా అనిపించింది.

పడిపోయింది బడి గ్రౌండ్‌లో. ఖోఖో పోటీలు దగ్గర పడ్డాయి. స్తంభం దగ్గర ఎలా తిరగాలో పిల్లలకు చేసి చూపిస్తూ నాలుగు అడుగులు పరుగెత్తాను. ఛాతీలో ఆ తన్నులాట మొదలైంది. ఈసారి ఆగలేదు. కళ్ల ముందు తెల్లగా అయింది. తర్వాత తెలిసింది నోట్లో మట్టి, చుట్టూ పిల్లల ఏడుపులు. రెహానా నన్ను ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానకు బయలుదేరింది. దారిలో నా చేతి మీది గడియారం బుర్రుమని అదిరింది. రెహానా తిప్పి చూసింది. ఈ రోజు వ్యాయామ లక్ష్యం పూర్తయిందట. తెర మీద రంగుల కాగితాలు ఎగురుతున్నాయి, శభాష్ అంటోంది. మనిషి చావుబతుకుల్లో పడి ఉంటే చప్పట్లు కొట్టే వస్తువు అది.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మొదట చేసిన పని గడియారం విప్పించడం. దాని కింద చర్మం చెమటకు నానిపోయి తెల్లగా పొక్కి ఉంది. పుల్లటి వాసన కొట్టింది. అంత మంది ముందు నాకు సిగ్గేసింది. ఆమె మొఖం చిట్లించలేదు.

"సిస్టర్, మీరు చెయ్యి పట్టి లెక్కపెట్టుండ్రి. నేను గుండె మీద వింట. ఇద్దరం ఒక్కసారే మొదలుపెడదాం."

ఇద్దరూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టారు. సిస్టర్ నూట ఎనిమిది అంది. డాక్టరమ్మ నూట యాభై నాలుగు అంది. విప్పేముందు గడియారం చూపించింది తొంభై ఒకటి.

"సిస్టర్ తప్పేమో" అన్నాను.

"తప్పు లేదమ్మా. మీ గుండె అడ్డదిడ్డంగ కొట్టుకుంటున్నది. కొన్నిసార్లు నిండకముందే పిండుతున్నది. అప్పుడు చెయ్యి దాక రావాల్సినంత రక్తం రాదు. అంటే మణికట్టు దగ్గర పట్టుకుంటే కొన్ని దెబ్బలు దొరకనే దొరకవు. పల్స్ డెఫిసిట్ అంటం. వాచీ అయితే అందులో కూడా కొన్ని వదిలేస్తది."

తర్వాత నన్ను ఎడమ పక్కకు తిరగమని స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఈసీజీ తీయించింది. ఆ అడ్డదిడ్డం కొట్టుకోవడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పింది. ఆ పైన ఒక ప్రశ్న అడిగింది.

"చిన్నగున్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచినయా?"

వాచాయి. టేక్మాల్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడు. మోకాళ్లు వాచి నడవలేక ఎన్నో రోజులు మంచం మీద ఉన్నాను. అమ్మమ్మ నూనె రాసి కాపడం పెట్టేది. తగ్గింది, అందరం మరిచిపోయాం.

"ఆ జబ్బు కీళ్లల్లకెళ్లి పోయింది గని గుండెల మచ్చ మిగిలింది" అంది డాక్టరమ్మ. "వాల్వ్ సన్నబడ్డది అనిపిస్తుంది. ఎకో, అంటే గుండె స్కానింగ్, చేస్తే తెలుస్తది. హైదరాబాద్ పోవాలె, లేట్ చెయ్యొద్దు. గిట్ల కొట్టుకునే గుండెల రక్తం గడ్డ కడ్తది. అది మెదడుకు పోతే పక్షవాతం."

అప్పటికి ప్రభాకర్ దుకాణం మూసి వచ్చాడు. బల్ల మీద ఉన్న గడియారం చేతిలోకి తీసుకుని, "మరి దీంట్ల మంచిగనే..." అని మొదలుపెట్టాడు.

"సార్, అది పక్కన పెట్టుండ్రి. ఆమెను చూడుండ్రి" అంది డాక్టరమ్మ.

ఆయన చూశాడు. ఎన్నో నెలల తర్వాత నా మొఖంలోకి సూటిగా చూశాడు. గడియారాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు. నేను తల అటు తిప్పుకున్నాను. ఆ రోజు నాకు జాలి రాలేదు.

హైదరాబాద్‌లో ఎకో తీసి మైట్రల్ స్టెనోసిస్, సివియర్ అన్నారు, అంటే గుండె ఎడమ పక్క వాల్వ్ బాగా సన్నబడిందని. గుండె వేగం తగ్గడానికి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇచ్చి కొన్ని వారాలు ఆగమన్నారు. తర్వాత గడ్డ ఉందో లేదో చూడటానికి గొంతులోంచి గొట్టం దింపారు. టీఈఈ అంటారు. గొంతు మొద్దుబారే మందు కొట్టినా వాంతి ఆగదు. చొంగ చెంపల మీదుగా మెడలోకి కారుతుంటే, ఖిల్లా మెట్ల మీద నేను మురిసిపోయిన ఆకుపచ్చ గుండె బొమ్మ గుర్తొచ్చింది. వాంతి దేనికో చెప్పలేను.

గడ్డ లేదు. మర్నాడు బెలూన్ చేశారు. తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి, సన్నబడ్డ వాల్వ్‌లో బుడగ ఉబ్బించి తెరిచారు. మత్తు లేదు, మెలకువగానే ఉన్నాను. "అయిపోయిందమ్మా, వాల్వ్ బాగా తెరుచుకుంది" అన్నాడు కార్డియాలజిస్ట్. ఆ సాయంత్రం వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకున్నాను. ఛాతీ అడుగు దాకా పోయింది. దగ్గు రాలేదు. పక్కన ప్రభాకర్ ఉన్నాడని కూడా చూడకుండా, తనివితీరా పీల్చుకుంటూ పడుకున్నాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటికి వచ్చాక మెల్లగా నడవమన్నారు. ప్రభాకర్ ఆ గడియారాన్నే మళ్లీ తెచ్చాడు. కొత్త పట్టీ వేయించాడట, సాఫ్ట్‌వేర్ మారిందట. "గప్పుడు నీ గుండె వంకర ఉండె. గిప్పుడు సాఫ్ అయింది గద, కరెక్టే చూపిస్తది" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. పెట్టుకున్నాను.

చర్చి రోడ్డు మీద నడుస్తుంటే నూట డెబ్బై రెండు చూపించి గీపెట్టింది. రోడ్డు పక్కనే కూర్చున్నాను. అంతా మళ్లీ మొదలైందనుకున్నాను. ప్రభాకర్ ఏడుస్తూ దవాఖానకు తీసుకుపోయాడు. ఈసీజీలో ఎనభై నాలుగు, చక్కగా కొట్టుకుంటోంది. నన్ను చూసిన ఆ డాక్టరమ్మే కాగితం చేతికిచ్చి ఇంటికి పొమ్మంది. అయినా నేను నడవడం మానేశాను. వంటింటి దాకా నడిచినా చెయ్యి చూసుకునేదాన్ని. జబ్బు ఉన్నప్పుడు ధైర్యం చెప్పి నడిపించింది, తగ్గాక భయపెట్టి కూలదోసింది. ఇంతకంటే తప్పుడు తోడు ఉంటుందా?

చెకప్‌కు పోయినప్పుడు కార్డియాలజిస్ట్‌తో ఇదంతా చెప్పాను. ఆయన నన్ను ట్రెడ్‌మిల్ మీదికి ఎక్కించి, ఛాతీకి ఈసీజీ వైర్లు పెట్టి, చేతికి ఆ గడియారం కూడా ఉంచమన్నాడు. చేతులు ఊపుతూ నడిచాను. పెద్ద తెర మీద తొంభై ఆరు. గడియారంలో ఎగబాకి నూట యాభై ఎనిమిది.

"ఇప్పుడు రాడ్ పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాను. చెయ్యి కదలడం ఆగింది. కాసేపటికి గడియారం దిగిపోయి తెర దగ్గరికి వచ్చింది.

"చూశారా? అది చర్మంలోకి లైటు వేసి, రక్తం పొంగినప్పుడల్లా లెక్కపెడుతుంది. చెయ్యి ఊగితే లైటు కూడా ఊగుతుంది. ఒక్కోసారి మీ అడుగుల్ని గుండె దెబ్బలనుకుంటుంది. పట్టీ వదులైనా, చెమట పట్టినా, చేతులు చల్లబడినా తేడా వస్తుంది. కుర్చీలో కూర్చుంటే పర్వాలేదు. కష్టపడేటప్పుడు, మీకు అవసరమైనప్పుడే, ఎక్కువ తప్పుతుంది."

"మరి ఈ సంగతి పెట్టె మీద ఎందుకు రాయరు సార్?" అన్నాను.

"ఉంటుందమ్మా, వైద్యానికి వాడొద్దని చిన్న అక్షరాల్లో రాస్తారు."

చిన్న అక్షరాల్లో! పెద్ద అక్షరాల్లో గుండె బొమ్మ వేసి అమ్ముతారు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఆయన నాకు నేర్పింది వేరే. నడిచేటప్పుడు మాట్లాడమన్నాడు. మాట తెగకుండా వస్తే ఆ నడక సరిపోయినట్టు. పాట పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచొచ్చు. మాట తెగితే ఆగాలి.

ఇప్పుడు బడికి పోతున్నాను. పిల్లలతో పరుగెత్తను, పక్కన నిలబడి నేర్పుతాను. రక్తం పలచబడే మాత్ర రోజూ ఉంటుంది, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు పోవాలి, కూరగాయలు కోసేటప్పుడు జాగ్రత్త, తెగితే రక్తం తొందరగా ఆగదు. పొద్దున రెహానా, నేను నడుస్తాం. ఆమె బడి ముచ్చట్లు ఎత్తుతుంది, నేను కాదని వాదిస్తాను, అలా ఊరు దాటేస్తాం. ప్రభాకర్ కొన్నాళ్లుగా మా వెనకే వస్తున్నాడు. ఒకరోజు దగ్గరికి వచ్చి, "ఎట్లున్నది సునీతా పానం?" అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా నా మొఖమే చూస్తూ నిలబడ్డాడు. బాగుందని చెప్పాను. ఆయన మీది కోపం ఆ రోజు కొంత దిగింది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నడుస్తుంటే మునుపు లేని ఆయాసం వచ్చి, నోట్లో మాట మధ్యలో తెగుతోందా? చేతి మీద ఏ అంకె ఉన్నా సరే, దవాఖానకు పోండి. డాక్టరు చెయ్యి చాపమంటే, "చెయ్యి తర్వాత సార్, ముందు ఛాతీ మీద వినుండ్రి" అనండి. విని, ఈసీజీ తీసేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.