జమ్మలమడుగులో రగ్బీకి నేనే దిక్కు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసులో ఉండే సుఖమే అది. తెలిసినవి తెలిసినట్టు చెప్పేదాన్ని, తెలియనివి ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని. మా నాన్న ప్రొద్దుటూరులో పౌరోహిత్యం చేసేవాడు కాబట్టి గొంతు విషయంలో మా ఇంట్లో ఎవరికీ లోటు లేదు. వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకుని, ఖోఖోలో యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళొచ్చి, జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడికి డ్రిల్ టీచరుగా దరఖాస్తు పెట్టుకున్నాను. ఆ కాగితంలో 'వచ్చిన ఆటలు' అని రాసి కింద పది గీతలు గీసి ఉన్నాయి. తొమ్మిది నింపాను. పదోది ఖాళీగా వదిలితే చూడ్డానికి బాగుండదనిపించింది (ఖాళీ గీత ఎక్కడ కనబడినా నాకు చేయి దురద పెట్టేది). 'రగ్బీ' అని రాసేశాను.

బడి యజమానిని అందరూ కరెస్పాండెంట్ సారు అనేవాళ్ళు. ఇంటర్వ్యూలో ఆయన నా తొమ్మిది ఆటల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి సరిగ్గా పదో దాని మీద ఆపాడు.

"రగ్బీ వచ్చా పాపా నీకు?"

"వచ్చు సార్."

"బాగా వచ్చా?"

"బాగానే వచ్చు సార్."

ఆయనకు రగ్బీ మీద ప్రేమేమీ లేదని నాకు తర్వాత తెలిసింది. పులివెందులలో ఆయన తోడల్లుడికి ఇంకో బడి ఉంది. ఆ బడిలో కొత్తగా స్కేటింగు నేర్పుతున్నారు. స్కేటింగుకు జవాబుగా ఈయనకు చుట్టుపక్కల ఎవరూ పేరు వినని ఆట ఒకటి కావాలి. అది నా పదో గీత మీద దొరికింది. ఉద్యోగం ఇచ్చాడు, దీపావళి తర్వాత పర్మినెంటు చేస్తానన్నాడు. నాలుగు నెలలు హాయిగా గడిచాయి. పిల్లల చేత కసరత్తు చేయించాను, ఖోఖో ఆడించాను. రగ్బీ ఊసెత్తినవాడు లేడు.

దసరా సెలవులు అయ్యాక ఒక ఉదయం సారు గదికి పిలిచాడు. జపాన్‌లో రగ్బీ ప్రపంచ కప్పు జరుగుతోందట, నాకౌట్ దశకు వచ్చిందట, ఇంక ఓడినవాడు ఓడినట్టే ఇంటికి పోవాలట. అక్కడి సాయంత్రం మనకు మధ్యాహ్నం కాబట్టి వేళ కూడా కుదిరింది.

"శనివారాలు, ఆదివారాలు అన్ని మ్యాచులూ మన కొత్త హాల్లో పెద్ద తెర మీద ఏస్తాం. తల్లిదండ్రులను అందర్నీ పిలుస్తాండా. ఆ ఇంగ్లీషు మాటలు మనోళ్ళకు యాడ అర్థమయితాయి? సౌండు తీసేస్తాం. తెలుగులో నువ్వు చెప్తావు మైకులో."

"అట్లనే సార్," అన్నాను. (గట్టిగానే అన్నాను. అదే నా జబ్బు.)

మరుసటి రోజు నేను బస్సు దిగుతుండగా మైకు కట్టిన ఆటో ఒకటి ఎదురొచ్చింది. 'అంతర్జాతీయ రగ్బీ పోటీలు! ప్రముఖ రగ్బీ నిపుణురాలి తెలుగు వ్యాఖ్యానంతో!' అని అరుచుకుంటూ పోతోంది. ఎవరబ్బా ఆ నిపుణురాలు అని వెనక్కి తిరిగి చూశాను కూడా. రెండడుగులు వేశాక గుర్తొచ్చింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఫోనులో రగ్బీ నియమాలు చదవడం మొదలుపెట్టాను. స్క్రమ్ అని ఒకటుంది, రక్ అని ఒకటుంది, మాల్ అని ఇంకొకటుంది. మూడు బొమ్మల్లోనూ నాకు కనిపించింది ఒకటే: కొంతమంది మనుషులు కొంతమంది మీద పడి ఉన్నారు. నాన్నతో గోడు చెప్పుకున్నాను. ఆయన పంచాంగం పక్కన పెట్టి, తన వృత్తి రహస్యం ఒకటి చెప్పాడు. "మంత్రం మర్చిపోయినప్పుడు గొంతు తగ్గించకూడదమ్మా. తగ్గిస్తేనే జనం తలెత్తి చూస్తారు." అది నా మనసులో బాగా నాటుకుంది.

మొదటి క్వార్టర్ ఫైనలు రోజు హాలు సగం నిండింది. అందరికీ ఉగ్గాని, బజ్జీ పెడతారని కూడా ఆటోలో చెప్పారు లెండి. మైకు పట్టుకున్నాను. ఆట మొదలైంది, నా నోరూ మొదలైంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదని చెప్పాను (ఇది నిజం). గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లని, దాన్ని 'ట్రై' అంటారని చెప్పాను (ఇదీ నిజమే). ఇంతలో నలుగురు కలిసి ఒకడిని గాల్లోకి ఎత్తారు. ఎందుకెత్తారో నాకు తెలియదు. "దూరంగా ఉన్న తమవాళ్ళు ఎక్కడున్నారో చూసి చెప్పడానికి ఒకర్ని పైకెత్తుతారు," అన్నాను. జనం తలలూపారు. దాంతో నాకు ఊపొచ్చింది. రిఫరీ ఈల వేసి చేతులు ఎలా తిప్పినా ఒక కారణం చెప్పేశాను. ఒకసారి ఎవరో ఆటగాడు వంగి మాట్లాడాడని, ఒకసారి అవతలివాడు అంగీ పట్టి లాగినా చెప్పలేదని.

ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చునేవాడు. మనవడు మా బడిలో ఆరో తరగతి. కొండాపురం దగ్గర ఆయన ఊరు రిజర్వాయరులో మునిగిపోతే ఇక్కడి పునరావాస కాలనీకి వచ్చి, పొట్టేళ్ళు మేపి అమ్ముతుండేవాడు. అందరూ పొట్టేళ్ళ తాత అనేవాళ్ళు. ఆయన ఉగ్గాని ముట్టకుండా తెరనే చూస్తూ, మధ్యలో చేయెత్తాడు.

"పాపా, ట్రై అంటే ప్రయత్నమే కదా? మా మనవడు చెప్పినాడు."

"అవును తాతా."

"ప్రయత్నానికే అయిదిస్తే, మరి సాధించినోనికి ఎంతిస్తారు?"

హాలంతా నా వైపు చూసింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈ ఆటలో సాధించడం అనేది లేదు తాతా. అంతా ప్రయత్నమే!" అన్నాను. చప్పట్లు మోగాయి. సోమవారానికల్లా సారు ఆ వాక్యాన్ని రంగు సుద్దలతో నోటీసు బోర్డు మీద రాయించాడు. తాత మాత్రం చప్పట్లు కొట్టలేదు. గడ్డం గోక్కుంటూ నన్నే చూశాడు.

సెమీ ఫైనలు నాటికి హాలు నిండింది, బయట బెంచీలు కూడా వేశారు. నల్ల అంగీల న్యూజిలాండు, తెల్ల అంగీల ఇంగ్లండు. న్యూజిలాండు ఎంత గొప్ప జట్టో వారమంతా చదివాను కనుక మైకులో తేల్చి చెప్పేశాను. "నల్ల అంగీలవాళ్ళు గెలవకపోతే నేను డ్రిల్ టీచర్నే కాదు!" ఆట మొదలయ్యే ముందు వాళ్ళు వరసగా నిలబడి తొడలు చరుస్తూ తమ సంప్రదాయ నృత్యం చేశారు. ఇంగ్లండువాళ్ళు వాళ్ళకెదురుగా కొడవలిలా వంపు తిరిగి నిలబడ్డారు.

"నల్లోళ్ళకు ఈ పొద్దు కష్టమే పాపా," అన్నాడు తాత ముందు వరసలోంచి.

"ఎందుకు తాతా?"

"బెదిరిన పొట్టేలు ఎనక్కి జరుగుతాది. ఆ తెల్లంగీలోళ్ళు సూడు, ముందుకొచ్చి నిలబడినారు. వాళ్ళు బెదరలే."

నేను నవ్వేసి, గొంతు ఇంకా పెంచాను. ఆట ముగిసేసరికి న్యూజిలాండు ఓడింది. హాల్లో ఎవరో, "మేడమ్, సోమవారం నుంచి మాకు డ్రిల్లు లేనట్టేనా?" అని అరిచారు. పిల్లలు ఈలలు వేశారు. తాత పోతూ పోతూ మైకు దగ్గర ఆగి మెల్లగా అడిగాడు. "నీకీ ఆట రాదు కదా తల్లీ?"

"వచ్చు తాతా."

"సరేలే," అన్నాడాయన. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ 'సరేలే' రెండు రోజులు నన్ను అన్నం తిననివ్వలేదు.

మంగళవారం సారు మళ్ళీ పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. "ఫైనలుకు ముఖ్య అతిథి దొరికినాడు పాపా! లింగాల దగ్గర చీనీ తోట ఉండాది ఆయనకు. మిలిటరీలో శానా ఏండ్లు రగ్బీ ఆడి రిటైరయినాడంట. నీ పక్కనే కూర్చోబెడతాం. ఇద్దరు నిపుణులు ఒకే స్టేజీ మీద! మా తోడల్లుడు సూడల్ల!"

ఇంటికి వచ్చేదారిలో బస్సులో నాకు తోచిన ఉపాయాలు: జ్వరం, గొంతు పోవడం, దూరపు పిన్ని ఒకామె పరలోకగమనం. (ఆ పిన్నికి చెప్పకుండానే క్షమాపణ అడిగాను.) చివరికి నాన్నకే చెప్పాను. ఈసారి ఆయన గొంతు గురించి మాట్లాడలేదు. "నలుగురి ముందు ఆయనకు దొరకడం కంటే, ముందే పోయి ఆయన ఇంట్లో దొరుకు," అన్నాడు.

శుక్రవారం సెలవు పెట్టి పులివెందుల బస్సెక్కాను. అక్కడి నుంచి లింగాల వైపు ఆటోలో. తోటలో ఆయన చీనీ (బత్తాయి) చెట్ల మొదళ్ళలో మట్టి సర్దుతున్నాడు. పొట్టి మనిషి, మెడ ఉన్నచోట నేరుగా భుజాలే ఉన్నాయి. ఒక చెవి నలిగి ముడుచుకుపోయి ఉంది. ఆ చెవి చూడగానే నిజంగా ఆడినవాడని అర్థమైంది. పేరు చెప్పి, వచ్చిన పని చెప్పాను. దరఖాస్తు, మైకు, గాల్లోకి ఎత్తిన మనిషి, అన్నీ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రూల్సు ఎన్ని తెలుసు?"

"పది తెలుసు సార్."

"చెప్పు."

చెప్పాను.

"ఆరు తప్పు," అని ఇంట్లోకి పోయి, అటక మీద నుంచి పాత బంతి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తోలు పగుళ్ళు బారి, కోడిగుడ్డును సాగదీసినట్టు ఉంది. రెండు వారాలుగా నేను నిపుణురాలినైన ఆ బంతిని మొట్టమొదటిసారి చేత్తో పట్టుకోవడం అదే. నేల మీద కొడితే అది నేననుకున్న వైపుకు తప్ప అన్ని వైపులకూ ఎగిరింది. ఆయన, ఆయన భార్య (ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని మరీ దిగింది), నేను, చీనీ వరసల మధ్య పరుగెత్తాం. "ముందుకే పరుగెత్తల్ల. బంతి మాత్రం ఎనకొచ్చేవాడికే ఇయ్యల్ల. ఎనకాల మనోడు ఉన్నాడని నమ్మల్ల, అంతే!" అని అరుస్తాడాయన. నేను రెండుసార్లు కాలువలో పడ్డాను. గాల్లోకి ఎత్తేది పక్క గీత బయట నుంచి విసిరిన బంతిని అందుకోవడానికని అప్పుడే తెలిసింది. బయల్దేరేటప్పుడు సంచీ నిండా చీనీకాయలు పెట్టి, "రేపు నేనొస్తా. నిన్ను నేను బయటపెట్టను. కానీ ఈ ముక్క మైకులో నువ్వే చెప్పాల తల్లీ. చెప్పకపోతే నా పక్కన కూర్చోవద్దు," అన్నాడు.

ఫైనలు. తెల్ల అంగీల ఇంగ్లండు, ఆకుపచ్చ అంగీల దక్షిణాఫ్రికా. హాల్లో కాలు పెట్టే సందు లేదు. సారు తోడల్లుడు కూడా పులివెందుల నుంచి వచ్చి మూడో వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ముఖ్య అతిథి కుర్చీలో చీనీ తోట ఆయన కూర్చున్నాడు (పిల్లలు అప్పటికే మిలిటరీ మామ అని పేరు పెట్టేశారు). నేను మైకు తీసుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నా గొంతు నాకే వినబడలేదు.

"ఆట మొదలయ్యేముందు ఒక మాట. నాకు రగ్బీ రాదు. ఇన్నాళ్ళూ నేను చెప్పినదాంట్లో సగం కల్పించింది. క్షమించండి."

ఇప్పుడు తిడతారు, ఇప్పుడు లేచి పోతారు అనుకుంటున్నాను. పొట్టేళ్ళ తాత గొంతు సవరించుకున్నాడు. "అయిపాయెనా? ఇంక బొమ్మ పెట్టండప్పా, టయిమయితాంది."

హాలంతా ఘొల్లుమంది. ఒక పిల్లాడి తల్లి లేచి, "మాకు మొదటి వారమే తెలుసు మేడమ్! ఈ పొద్దు ఏం కల్పిస్తారో ఇందామనే కదా పనులు మానుకోని వస్తాండాం!" అంది. నిజం చెప్పొద్దూ, వాళ్ళు తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు. నా నటన మీద నాకు అంత నమ్మకం ఉండేది మరి. ఆ హాల్లో నన్ను నమ్మినవాళ్ళు ఇద్దరే ఇద్దరు: నేను, కరెస్పాండెంట్ సారు. ఆయన మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"మరి దరఖాస్తులో రాసిన మిగతా తొమ్మిది?"

"ఎనిమిది వచ్చు సార్."

"తొమ్మిదోది ఏంది?"

"గోల్ఫు సార్."

ఆయన నోరు తెరిచాడు, మూడో వరసలో తోడల్లుడిని చూశాడు, మూసేశాడు.

ఆ రోజు ఆట మిలిటరీ మామ చెప్పాడు. జనం అడగాలనుకున్నవి నేను అడిగాను, తెలియనివి తెలియవని చెప్పి మరీ అడిగాను. మొదటి స్క్రమ్‌లో రెండు జట్లూ తలలు కలిపి నెట్టుకోగానే పొట్టేళ్ళ తాత, "ఆకుపచ్చోళ్ళదే కప్పు. ఎనక్కాళ్ళు సూడండి, భూమిలో దిగినాయి," అన్నాడు. మిలిటరీ మామ మైకు పక్కన పెట్టి ఆయనను వెతుక్కుంటూ ముందు వరసకు పోయాడు. "యాడ ఆడినావు తాతా నువ్వు?" అని అడిగాడు. దక్షిణాఫ్రికా గెలిచింది. ఆ తర్వాత అరగంట సేపు వాళ్ళిద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఎలా నెట్టాలో చూపించుకుంటూనే ఉన్నారు.

సోమవారం సారు పిలిచాడు. రాజీనామా కాగితం మడిచి పెట్టుకునే వెళ్ళాను. "మా తోడల్లుడు ఫోను చేసినాడు," అన్నాడాయన. "ఆ పాపను వారానికి ఒక రోజు మా బడికి పంపిస్తావా అంటాండాడు. పంపనని చెప్పినా." ఆ గర్వం ఆయనకు ఎంత కాలం నిలిచిందో గాని, నా ఉద్యోగం నిలిచింది. ప్రతి ఆదివారం ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని లింగాల తోటకు పోయేదాన్ని. మధ్యలో కరోనా వచ్చి బడి మూసినా, రెండేళ్ళు తిరిగేసరికి జట్టయింది. మొదటి పోటీలో ఘోరంగా ఓడి, దారి పొడవునా బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చాం.

ఇప్పుడు నాకు ఆ ఆట నిజంగానే తెలుసు. శిక్షణకు పోయి, పరీక్ష రాసి, పత్రం తెచ్చుకున్నాను. మైదానంలో ఏదైనా చెప్పాలంటే ముందు పుస్తకం తీసి చూస్తాను, చివర్లో 'అనుకుంటాను' అని తగిలిస్తాను. పిల్లలు బుద్ధిగా విని, తలూపి, ఆటకు వెళ్ళిపోతారు. పనులు మానుకుని నా మాటలు వినడానికి ఎవరూ రారు. తప్పేం చెప్పనుగా, ఎందుకొస్తారు? ఎప్పుడైనా ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఎదురుపడితే నాలుగు చీవాట్లు పెట్టాలనే అనుకుంటాను. పెడతాను కూడా. కానీ దాని చేతిలోంచి ఆ మైకు లాక్కోవడానికి మాత్రం నాకు చేతులు రావు.