సింహాచలం రేపు ఇచ్చేస్తాడు

మా సింహాచలం ఒకసారి ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారాన్ని అరువు పట్టుకెళ్లి నేటికీ తిరిగి ఇవ్వలేదు.

సరే, ప్లాట్‌ఫారాన్ని కాదు. దాని మీద కూర్చున్న మా బావమరిదిని. విజయనగరం బండి కోసం చూస్తున్న మనిషిని “ఓ గంట పనుంది, ఓపాలి రా” అని లాక్కుపోయి, ఇంటికి సున్నం వేయించుకుని, మరుసటి వారం బండెక్కించాడు. మా కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు కాబట్టి ఇక్కడి నుంచి నిజమే చెబుతాను. వీలైనంత వరకు.

సింహాచలానికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాడి చేతిలో ఏముంటే అది అడుగుతాడు, పట్టుకెళ్తాడు, ఇవ్వడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లూ సొంత గొడుగు కొన్న పాపాన పోలేదు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మబ్బు పడితే జనం ఆకాశం వంక చూడరు, సింహాచలం వచ్చే సందు వంక చూస్తారు.

“రేపిచ్చేత్తాను బావా” అంటాడు. ఏ రేపో అడగడానికి వెళ్తే, అడిగినవాడి చేతిసంచీ కూడా పోతుంది.

రిటైరయ్యాక జబ్బు ముదిరి ఏకంగా ఒక భవనం మీద పడింది. సాలువా దాటాక ఒక పల్లెలో తెల్లదొరల నాటి నీలిమందు కోఠీ ఉంది. నీలిమందు పోయింది, దొరలు పోయారు, గబ్బిలాలు మిగిలాయి. మావాడు దాని వారసుడు మాన్నాబాబు దగ్గరికి వెళ్లి, మా పిల్లలూ మీ పిల్లలూ కలిసి పాటలూ నాటకాలూ నేర్చుకోవడానికి కోఠీ ఇమ్మని బెంగాలీలో అడిగాడు. మాన్నాబాబుకు వాడి పేరుప్రతిష్ఠలు ముందే తెలుసు. ప్రారంభం రోజు హాలు నిండితే కోఠీ మీది, నిండకపోతే ఆలుగడ్డల గోదాము అన్నాడు.

“పనివాళ్లేరిరా?” అన్నాను.

“ఆలే ఒత్తారు బావా.”

వచ్చారు. ఝపటాపూర్‌లో టిఫిన్ కొట్టు నడిపే దాలమ్మ ముందుగా వచ్చింది.

“నా నిచ్చెనేదిరా సన్నాసీ?”

“అదిగో అప్పా, గోడకి ఆనించినాను. ఆ పైమూల కూసింత సున్నం ఏసేత్తే పట్టుకెళ్లిపోడమే.”

“నువ్వెయ్యలేవేటి?”

“ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయప్పా.”

దాలమ్మ ఎక్కింది. దిగేసరికి హాలంతా తెల్లగా ఉంది, నిచ్చెన మాత్రం అక్కడే ఉండిపోయింది. బకెట్ల కోసం వచ్చినవాళ్లు నేల కడిగారు. సుత్తి కోసం వచ్చినవాళ్లు కిటికీలు బిగించారు. నా టేబుల్ ఫ్యాన్ కోసం వెళ్లిన నేను గబ్బిలాలు తోలాను. మీ కళాకేంద్రానికి ఇంతమంది వాలంటీర్లు ఎలా దొరికారని ఇప్పుడెవరైనా అడిగితే, “సేవాభావం” అని చెబుతున్నాం.

ఇంతలో దేముడి తప్పెట కూడా పట్టుకుపోయాడని తెలిసి నాకు నిజంగానే కోపం వచ్చింది. దేముడు మా తప్పెటగుళ్ల జట్టుకు పెద్ద. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గెంతుతూ వాయిస్తే పక్కవీధి బెంగాలీలు కూడా అన్నాలు వదిలేసి వచ్చేవారు. భార్య పోయాక దాన్ని పెట్టెలో పెట్టేసి, క్వార్టర్ గడప దిగడం మానేశాడు.

“అదొక్కటైనా ఇచ్చెయ్యరా, పాపం.”

“ఆదివారం ఇచ్చేత్తాను. అందరికీ ఆదివారమే. ఎవలి వస్తువుకి ఆలే కోఠీకి రావాల. ఇంకోల సేతికియ్యను.”

ప్రారంభం కూడా ఆదివారమే. వాన పట్టుకుంది. సాయంత్రానికి హాల్లో నేనూ, సింహాచలం, తడిసిన కుక్క ఒకటి. వాకిట్లోకి వ్యాన్ వచ్చి ఆగింది. మాన్నాబాబు దిగాడు, వెనకాల ఆలుగడ్డల బస్తాలు దిగుతున్నాయి.

“మానుష్ కోథాయ్?” అన్నాడు, మనుషులెక్కడని, ఖాళీ హాలు చూసి.

“ఆస్ఛే దాదా, ఆస్ఛే” అన్నాడు సింహాచలం, జనం వస్తున్నారంటూ. ఆ మాట అంటూ దారి వంక చూస్తున్న వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

వచ్చారు. వానలో నిలువునా తడుస్తూ వచ్చారు, గొడుగులన్నీ కోఠీలోనే ఉన్నాయి మరి. సింహాచలాన్ని తిట్టుకుంటూ ఎవరి కుర్చీ వాళ్లు వెతుక్కున్నారు. ఇంకొకడు పట్టుకుపోకుండా దాని మీదే కూర్చున్నారు. దాలమ్మ నిచ్చెన మూడో మెట్టు మీద సర్దుకుంది. హాలు నిండిపోయింది.

అందరికంటే చివర దేముడు వచ్చాడు, గడ్డం మాసి, కళ్లెర్ర చేసి.

“నా తప్పెటేదిరా?”

“ఇదిగో మావా. మోగుద్దో లేదో వాయించి సూసుకుని మరీ పట్టుకెళ్లు. రేపు పాడుసేసినానంటావు.”

దేముడు విసురుగా మెడలో వేసుకున్నాడు. తెగిపోయిన పాతపట్టీ స్థానంలో కొత్త తోలుపట్టీ ఉంది. తప్పెట సరిగ్గా గుండె మీదకు వచ్చి ఆగింది. ఒక దెబ్బ కొట్టాడు. చెవి వంచి విన్నాడు. ఇంకొకటి కొట్టాడు. తర్వాత కొట్టింది చేతులో, కాళ్లో నాకు తెలియదు. గజ్జెలు లేకుండానే గెంతుతున్నాడు, ఆ వయసులో, నేల అదిరేలా.

“పట్టీ కొలత వాడికెలా తెలిసింది?” అన్నాను దాలమ్మతో.

“సెప్పులు కుట్టీవోడి కాడ దేముడు బావ సొక్కా ఏలాడతంటే, ఆడికి సొక్కాతో పనేటా అనుకున్నాను. పెళ్లికెళ్లాలని ఈ సన్నాసే అరువట్టుకెళ్లినాడట. ఆ సొక్కాలో ఇలాటోళ్లు ఇద్దరు పడతారు!”

మాన్నాబాబు బస్తా మీద కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆట ఆగాక బస్తాలు మళ్లీ వ్యాన్‌లోకి ఎక్కించమన్నాడు.

“దాదా, ఆ వ్యాన్ ఓపాలి…” అన్నాడు సింహాచలం. మాన్నాబాబు పరుగెత్తుకెళ్లి తనే డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు దేముడు ప్రతి ఆదివారం కోఠీలో పిల్లలకు తప్పెట నేర్పుతున్నాడు. ఆ తప్పెట కోఠీలోనే ఉంది, సింహాచలం ఇంకా ఇంటికి పట్టుకెళ్లనివ్వలేదు. దేముడూ అడగడం లేదు.

ఇదంతా రాసి సింహాచలానికి చూపించాను. నా కుర్చీలో కూర్చుని, నా కళ్లజోడు పెట్టుకుని, ఆసాంతం చదివాడు.

“ఒట్టి అబద్ధం బావా! నాను ఈ జన్మలో ఎవలి కాడా ఏటీ తేలేదు.”